ఖాళీ అని రాసిన కుర్చీ
పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం పంచాయితీల ఎన్నికల చరిత్ర (1996-2006)

ఎన్నికల చరిత్ర రాసేవాళ్ళు మామూలుగా గెలిచినవాళ్ళ చరిత్రే రాస్తారు. ఎవరు నిలబడ్డారు, ఏ పార్టీ, ఎన్ని ఓట్లు, ఎంత మెజారిటీ అని పట్టికలో గళ్ళు గీస్తారు. ఆ గళ్ళు నిండితే చరిత్ర ఉన్నట్టు, నిండకపోతే లేనట్టు. మేము ఈ వ్యాసంలో చెప్పబోయేది పదేళ్ళపాటు గళ్ళు నిండని ఎన్నికల సంగతి.

తమిళనాడులో మదురై జిల్లా ఉసిలంపట్టి ప్రాంతంలో పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం అని మూడు గ్రామ పంచాయితీలున్నాయి. పక్కనున్న విరుదునగర్ జిల్లాలో కొట్టకచ్చియేందల్ అని ఇంకొకటి. ఈ నాలుగింటిలో అధ్యక్ష పదవి, మన దగ్గర సర్పంచ్ పదవి అంటామే, అది 1996లో షెడ్యూల్డు కులాలకు రిజర్వయింది. 1996 నుంచి 2006 దాకా ఆ కుర్చీలో దళితుడు కూర్చుని పని చేసింది లేదు. ఎన్నిక పెట్టలేదా అంటే, పెట్టారు. డజనుకు పైగా సార్లు పెట్టారు. ప్రతిసారీ కాగితం మీద మిగిలినవి రెండే మాటలు: ‘నామినేషన్లు రాలేదు’, ‘గెలిచిన అభ్యర్థి రాజీనామా చేశారు’. రెండింటికీ ఫలితం ఒక్కటే, ‘ఖాళీ’.

ఆ ఖాళీ దానంతటది ఏర్పడలేదని, దాన్ని పనిగట్టుకుని తయారు చేశారని, తయారు చేసినవాళ్ళకు చట్టం అక్షరం కూడా ఎక్కడా అడ్డు రాలేదని మేము చెప్పదల్చుకున్నాం.

1932లో వేసిన ముడి

సంగతి 1996లో మొదలు కాలేదు. 1932 సెప్టెంబర్ 24న పూనా ఒడంబడిక మీద సంతకాలయ్యాయి. ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం ప్రకటించిన ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, వాటి స్థానంలో రిజర్వు సీట్లు, ఉమ్మడి ఓటర్లు వచ్చాయి. సీట్లు పెరిగి 148 అయిన మాట నిజమే. కానీ అభ్యర్థి మనవాడు, ఓటరు మాత్రం ఊరంతా. ఈ ప్రమాదం తెలిసే, ముందు అణగారిన కులాల ఓటర్లు మాత్రమే నలుగుర్ని ఎన్నుకోవాలి, ఆ నలుగురిలోంచే ఉమ్మడి ఓటర్లు ఒకర్ని ఎన్నుకోవాలి అని ప్రాథమిక ఎన్నిక పద్ధతి ఒకటి పెట్టారు. 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చేసరికి ఆ పద్ధతి కూడా లేదు. మిగిలింది రిజర్వు సీటు, ఉమ్మడి ఓటు.

చాలామంది గమనించని విషయం ఇంకొకటుంది. పూనా ఒడంబడికలో స్థానిక సంస్థల ప్రస్తావన కూడా ఉంది. అక్కడ అణగారిన కులాలకు న్యాయమైన ప్రాతినిధ్యం కోసం అన్ని ప్రయత్నాలూ చెయ్యాలన్నారు. చట్టసభల విషయంలో అంకె రాశారు. ఊరి దగ్గరికి వచ్చేసరికి ‘ప్రయత్నం’ అని రాసి ఊరుకున్నారు.

ఒడంబడిక అయిన పన్నెండు రోజులకే, అక్టోబర్ 6న, బొంబాయి శాసనమండలిలో గ్రామ పంచాయితీల బిల్లు మీద అంబేద్కర్ మాట్లాడారు. ప్రతి ఊళ్ళోనూ అస్పృశ్యులు తక్కువ సంఖ్యలోనే ఉంటారు గనక వయోజన ఓటు ఒక్కటే వాళ్ళను కాపాడలేదని, ప్రత్యేక ప్రాతినిధ్యం లేని పంచాయితీకి అధికారాలివ్వడం ప్రమాదమని వాదించారు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో గ్రామ వ్యవస్థను అంత కఠినంగా విమర్శించింది కూడా ఈ అనుభవంతోనే. గ్రామ స్వరాజ్యం పాట పాడేవాళ్ళకు ఆ మాటలు అప్పుడూ రుచించలేదు, ఇప్పుడూ రుచించవు. కానీ ఆయన చెప్పిన లెక్క ఉసిలంపట్టి ఊళ్ళలో ఎట్లా తేలిందో చూద్దాం.

రిజర్వేషన్ ఊరికి వచ్చిన రోజు

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. 243డి అధికరణం ప్రకారం పంచాయితీ సభ్యత్వాల్లోనే కాదు, అధ్యక్ష పదవుల్లో కూడా జనాభా నిష్పత్తిని బట్టి షెడ్యూల్డు కులాలకు, తెగలకు వాటా వచ్చింది. తమిళనాడు 1994లో కొత్త పంచాయితీ చట్టం చేసుకుంది. దాని కింద మొదటి ఎన్నికలు 1996 అక్టోబర్‌లో జరిగాయి. రాష్ట్రంలో ఉన్న సుమారు 12,600 గ్రామ పంచాయితీల్లో చాలాచోట్ల మొదటిసారి దళితులు అధ్యక్షులయ్యారు. చాలాచోట్ల ఆధిపత్య కులాలు పళ్ళు నూరుకుంటూనే సర్దుకున్నాయి. ఈ నాలుగు ఊళ్ళు మాత్రం సర్దుకోలేదు.

ఉసిలంపట్టి ఊళ్ళలో బలమైన కులం పిరమలై కళ్ళర్లు. వాళ్ళ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఎందుకంటే ఇక్కడ దళితుల్ని అడ్డుకున్నవాళ్ళు బ్రాహ్మలు కారు, మన రెడ్డి, కమ్మ, వెలమల్లాంటి పెద్ద భూస్వాములూ కారు. బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం కింద నేరస్థులని ముద్ర వేసిన జనం. వేలిముద్రలివ్వాలి, రాత్రి పూట పోలీసు దగ్గర హాజరు వేయించుకోవాలి, చీటీ లేకుండా ఊరు దాటకూడదు. దీన్ని ఎదిరించినందుకు 1920 ఏప్రిల్ 3న ఇదే ప్రాంతంలోని పెరుంగామనల్లూర్‌లో పోలీసులు కాల్పులు జరిపితే పదిహేను మందికి పైగా చనిపోయారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో గానీ రద్దు కాలేదు. ఇవాళ్టికీ వాళ్ళు వెనకబడిన తరగతుల జాబితాలోని విముక్త జాతే.

ఆ తర్వాత వాళ్ళు రాజకీయంగా ఎదిగారు. ముత్తురామలింగ తేవర్ నాయకత్వంలో ఫార్వర్డ్ బ్లాక్‌కు ఉసిలంపట్టి కోటగా నిలిచింది. అక్కడినుంచి మళ్ళీ మళ్ళీ శాసనసభకు గెలిచిన పి.కె. మూకయ్య తేవర్ సొంత ఊరు పాప్పాపట్టే. అంటే ఓటు విలువ తెలియని ఊళ్ళు కావివి. ఓటు తమను ఎంత పైకి తీసుకొచ్చిందో తెలిసిన ఊళ్ళు. ఆ ఓటు పక్క వాడలో ఉన్న పళ్ళర్‌నో పరయర్‌నో కుర్చీ ఎక్కించబోతోందనేసరికి తలుపు మూసేశారు.

వాళ్ళ వాదన ఏమిటి? పంచాయితీ అధ్యక్షుడంటే ఊరి పెద్ద. గుడి ఉత్సవంలో మొదటి మర్యాద ఊరి పెద్దకు. ఆ మర్యాద దళితుడికి ఎట్లా ఇస్తాం? పంచాయితీ అనేది రోడ్లు, నీళ్ళు, వీధి దీపాలు చూసే ఆఫీసు అని చట్టం అనుకుంది. ఊరు అట్లా అనుకోలేదు. ఊరికి అది కుల పెద్దరికం కూర్చునే పీట.

‘ఖాళీ’ ఎట్లా తయారయింది

మొదటి పద్ధతి తేలిక. నామినేషన్ వెయ్యనివ్వకపోవడం. దానికి కర్రలు, కత్తులు అక్కర్లేదు. ఊళ్ళో దళితుల్లో ఎక్కువమందికి భూమి లేదు. కూలికి పోవాల్సింది కళ్ళర్ల పొలాల్లోకే. పశువుల్ని తోలుకుపోవాల్సింది వాళ్ళ గట్ల మీంచే. సరుకు తెచ్చుకోవాల్సింది వాళ్ళ అంగడిలోనే, అప్పు పుట్టాల్సింది వాళ్ళ దగ్గరే. ‘నామినేషన్ వేస్తే రేపట్నించి పనిలోకి రావద్దు’ అన్న ఒక్క మాట చాలు. చుండూరులో 1991 ఆగస్టు 6 హత్యలకు ముందు దళితుల్ని ఎట్లా వెలేశారో తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ మాట బరువు వివరించనక్కర్లేదు. ఎన్నికల అధికారి ఉదయం వచ్చి బల్ల వేసుకు కూర్చుంటాడు. సాయంత్రం దాకా ఎవరూ రారు. ‘నామినేషన్లు రాలేదు’ అని రాసుకుని పోతాడు. ఆయన రాసింది అబద్ధం కాదు. నిజం మాత్రం ఆ కాగితంలో లేదు.

బెదిరింపు ఒట్టిదే అనుకోవడానికి కూడా వీల్లేదు. అదే మదురై జిల్లాలో మేలూరు దగ్గర మేలవళవు అనే పంచాయితీ ఉంది. అదీ 1996లోనే రిజర్వయింది. అక్కడి దళితులు బెదిరింపులకు లొంగలేదు. నామినేషన్లు వేసినందుకు ఇళ్ళు తగలబెట్టారు, ఎన్నిక ఆగింది. మళ్ళీ పెడితే పోలింగు కేంద్రం మీద పడి చెడగొట్టారు. చివరకు 1996 డిసెంబర్ 31న పోలీసు బందోబస్తు మధ్య జరిగిన పోలింగులో మురుగేశన్ అధ్యక్షుడిగా గెలిచాడు. ఆఫీసులో కూర్చోనివ్వలేదు. 1997 జూన్ 30న, తగలబడ్డ ఇళ్ళకు నష్టపరిహారం సంగతి మాట్లాడటానికి మదురై కలెక్టరేటుకు వెళ్ళి బస్సులో తిరిగొస్తుంటే, బస్సు ఆపి మురుగేశన్‌నూ, ఉపాధ్యక్షుడు మూకన్‌నూ, ఇంకో నలుగురినీ నరికి చంపారు. మురుగేశన్ తల నరికి బావిలో పడేశారు. 2001లో పదిహేడు మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2006లో హైకోర్టు, 2009లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేశాయి. 2008లో ముగ్గుర్ని, 2019 నవంబర్‌లో పదముగ్గుర్ని ప్రభుత్వం శిక్షాకాలం పూర్తికాకుండానే విడుదల చేసింది.

మేలవళవు పట్టికలో గళ్ళు నిండాయి. పేరుంది, ఓట్లున్నాయి, గెలుపుంది. మనిషి లేడు. పాప్పాపట్టిలో, కీరిపట్టిలో ఎన్నికల అధికారి బల్ల ముందుకు ఎవరూ రాకపోవడానికి అర్థం తెలియాలంటే ఈ రెండు పట్టికల్నీ పక్కపక్కన పెట్టి చదవాలి.

రెండో పద్ధతి మరింత తెలివైంది. నామినేషన్లు రాలేదు, రాలేదు అని ఎంతకాలం చెప్తారు? పత్రికలు రాస్తున్నాయి, కోర్టులు అడుగుతున్నాయి, విడుదలై చిరుత్తైగళ్ లాంటి దళిత సంస్థలు, వామపక్షాలు తమ మద్దతుతో దళిత అభ్యర్థుల్ని నిలబెట్టడం మొదలుపెట్టాయి. అప్పుడు ఊరి పెద్దలు తామే ఒక దళితుణ్ణి వెతికారు. తమ పొలంలో పనిచేసేవాడు, తమ మాట జవదాటలేనివాడు. అతనితో నామినేషన్ వేయించారు. ఊరంతా కట్టుగా వెళ్ళి అతనికే ఓటేశారు. తన కాళ్ళమీద తాను నిలబడ్డ దళిత అభ్యర్థి ఓడిపోయాడు. గెలిచినవాడు ప్రమాణం చేసిన వెంటనే రాజీనామా కాగితం ఇచ్చాడు. మళ్ళీ ఖాళీ. చట్టప్రకారం మళ్ళీ ఉప ఎన్నిక. మళ్ళీ అదే నాటకం.

ఇక్కడే 1932 నాటి ముడి కనిపిస్తుంది. అభ్యర్థి దళితుడే కావాలని చట్టం అంది, దళితుణ్ణే నిలబెట్టారు. స్వేచ్ఛగా ఓటెయ్యాలంది, వేశారు. మెజారిటీ వచ్చినవాడు గెలవాలంది, గెలిచాడు. రాజీనామా చేసే హక్కు ప్రతి సభ్యుడికీ ఉందంది, చేశాడు. చట్టంలో ఒక్క అక్షరం తప్పలేదు. చట్టం ఉద్దేశం మాత్రం ఆ ఊళ్ళో మిగల్లేదు. ఉమ్మడి ఓటుతో రిజర్వు సీటును గెలుచుకోవడమే కాదు, గెలిచి పారెయ్యడం కూడా సాధ్యమేనని ఆ ఊళ్ళు నిరూపించాయి. రాజీనామా చేసిన ఆ కూలీని తప్పుపట్టడానికి మాకు నోరు రాదు. సంతకం అతనిది, చెయ్యి అతనిది, నిర్ణయం ఇంకొకరిది.

అప్పటి చట్టం ఎంత గుడ్డిదో కూడా చెప్పుకోవాలి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం దళితుణ్ణి ఓటు వెయ్యనివ్వకపోవడాన్ని, ఫలానావాడికే వెయ్యమని బలవంతపెట్టడాన్ని నేరమంది. నామినేషన్ వెయ్యనివ్వకపోవడం గురించి గానీ, గెలిచిన అధ్యక్షుణ్ణి పని చెయ్యనివ్వకపోవడం గురించి గానీ విడిగా ఏమీ చెప్పలేదు. ఆ రెండింటినీ స్పష్టంగా నేరాలుగా చేర్చింది 2015 సవరణ. అది అమల్లోకి వచ్చింది 2016 జనవరిలో. అంటే కుర్చీ పదేళ్ళు ఖాళీగా ఉండి, ఆపైన ఇంకో పదేళ్ళు గడిచాక.

2006: కుర్చీ నిండింది

2006 మేలో డి.ఎం.కె. ప్రభుత్వం వచ్చింది. అక్టోబర్‌లో స్థానిక ఎన్నికలు. ఈసారి ఎట్లాగైనా ఎన్నిక జరిపించాలని ప్రభుత్వం పట్టుబట్టింది. అప్పటి మదురై కలెక్టర్ ఉదయచంద్రన్ ఊళ్ళచుట్టూ తిరిగి రెండు వైపులా మాట్లాడారు. నాలుగు పంచాయితీల్లోనూ ఎన్నిక జరిగింది. దళితులు అధ్యక్షులయ్యారు, ఈసారి రాజీనామా చెయ్యలేదు. నవంబర్‌లో చెన్నైలో ‘సమత్తువ పెరువిళా’ అని, అంటే సమానత్వ మహోత్సవం అని, ముఖ్యమంత్రి కరుణానిధి సమక్షంలో పెద్ద సభ చేసి ఆ నలుగురినీ సన్మానించారు.

దీన్ని మేము తక్కువ చెయ్యం. పదేళ్ళు చేతకాదన్న పని ఒక ఆరు నెలల్లో అయింది. అంటే ఇన్నాళ్ళూ లేనిది చట్టం కాదు, ప్రభుత్వానికి పట్టుదల. ఈ ఒక్క విషయం కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాలి. ‘ఊళ్ళో పరిస్థితులు అనుకూలంగా లేవు’ అని అధికారి చెప్పినప్పుడల్లా ఈ ఊళ్ళ పేర్లు చెప్పాలి.

కానీ ప్రశ్న మిగిలే ఉంది. ఊరి పెద్దలు ఒప్పుకున్నాక జరిగిన ఎన్నిక అది. ఒప్పుకునే హక్కు వాళ్ళకెక్కడిది? రాజ్యాంగం ఇచ్చిన కుర్చీకి వాళ్ళ అనుమతి కావలసి వచ్చిందంటే, సన్మానం ఎవరికి జరిగినట్టు?

కుర్చీ ఎక్కిన తర్వాత

తమిళనాడు చట్టంలో ఒక చిన్న ఏర్పాటుంది. పంచాయితీ చెక్కు మీద అధ్యక్షుడు ఒక్కడే సంతకం పెడితే చెల్లదు, ఉపాధ్యక్షుడు కూడా పెట్టాలి. ఉపాధ్యక్షుణ్ణి ఎన్నుకునేది వార్డు సభ్యులు. అధ్యక్ష పదవి రిజర్వయిన ఊళ్ళో ఆధిపత్య కులం చూపు సహజంగానే ఆ రెండో కుర్చీ మీద పడుతుంది. బోరు మోటారు కాలిపోయినా, వీధి దీపం వెలగకపోయినా జనం అడిగేది దళిత అధ్యక్షుణ్ణే. చెక్కు ఆగేది మాత్రం ఉపాధ్యక్షుడి దగ్గర. ఆ తర్వాత ‘వీళ్ళకు పరిపాలన చేతకాదు’ అన్న మాట ఊళ్ళో తిరుగుతుంది.

చెన్నైలో సమానత్వ మహోత్సవం జరిగిన ఆ నవంబర్‌లోనే తిరునల్వేలి జిల్లాలో నక్కలముత్తన్‌పట్టి అధ్యక్షుడు జగ్గయ్యన్ హత్యకు గురయ్యాడు. అతను అరుంధతియార్. మన మాదిగలకు దగ్గరి కులం, ఆ కులంలో ఎంతోమంది ఇళ్ళలో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. 2011 జూన్‌లో అదే జిల్లా తాళయూత్తులో దళిత మహిళా అధ్యక్షురాలి మీద కత్తులతో దాడి చేశారు. ఆమె చావు తప్పించుకుంది. 2020లో కడలూరు జిల్లా తెర్కు తిట్టైలో దళిత అధ్యక్షురాల్ని పంచాయితీ సమావేశంలో నేల మీద కూర్చోబెట్టిన ఫోటో దేశమంతా చూసింది. కుర్చీ అన్నది మాటవరసకు అనే మాట కాదని, అక్షరాలా కూర్చునే కుర్చీ గురించే ఈ పోరాటమని ఆ ఫోటో చెప్పింది. 2021 అక్టోబర్ 2న ముఖ్యమంత్రి స్టాలిన్ పాప్పాపట్టికి వెళ్ళి గ్రామసభలో కూర్చున్నారు. ఆ ఊరి పేరుకు ఇంకా అంత బరువుందన్నమాట.

మన ఊళ్ళ సంగతి

ఇదంతా ఎక్కడో తమిళదేశంలో జరిగిందని మనం ఊపిరి పీల్చుకోవాల్సిన పనిలేదు. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ పంచాయితీ ఎన్నికలొచ్చిన ప్రతిసారీ వినే మాట ఒకటుంది: ఏకగ్రీవం. ఊరంతా ఒక్క మాట మీద ఉంటే మంచిదేగా అని దానికి ప్రభుత్వాలు నజరానాలు కూడా ప్రకటించాయి. రిజర్వు పంచాయితీలో ఆ ‘ఒక్క మాట’ ఎవరి అరుగు మీద కూర్చుని అన్నది? నామినేషన్ వెనక్కి తీసుకున్న దళితుడు ఎవరి పొలంలో పనిచేస్తాడు? ఏకగ్రీవం అని రాసిన గడిని కూడా పాప్పాపట్టిలో ఖాళీ అని రాసిన గడిని చదివినట్టే చదవాలి. అన్నీ బలవంతపువే అని మేము అనడం లేదు. విచారించకుండా ఏ ఒక్కదాన్నీ ఐక్యత అని పొగడొద్దని అంటున్నాం.

రెండో సంగతి బహుజన ఐక్యత గురించి. దళితులు, వెనకబడిన కులాలు కలిస్తేనే రాజ్యాధికారం అని మనం చాలాకాలంగా అనుకుంటున్నాం. ఆ మాటను మేము వదులుకోవడం లేదు. కానీ పెరుంగామనల్లూర్‌లో తూటాలకు గుండె చూపినవాళ్ళ మనవలే, అదే ప్రాంతంలో పక్క వాడ మనిషిని నామినేషన్ బల్ల దాకా రానివ్వలేదు. తాను పడ్డ అవమానం పక్కవాడి అవమానాన్ని అర్థం చేయిస్తుందని హామీ ఏమీ లేదు. ఐక్యత జెండా మీద రాసుకుంటే రాదు. ఊరి గుడి దగ్గర, పంచాయితీ ఆఫీసులో, కూలి దగ్గర దాన్ని ముందు పరీక్షించుకోవాలి.

విద్యార్థులకు, ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటే. మీ మండలంలో రిజర్వు పంచాయితీల జాబితా తీసుకోండి. గెలిచినవాళ్ళ పేర్లతో ఆపొద్దు. ఎవరు నామినేషన్ వేసి వెనక్కి తీసుకున్నారో, ఎవరు మధ్యలో రాజీనామా చేశారో, ఉపసర్పంచ్ ఎవరో, చెక్కుల మీద సంతకాలు ఎవరివో రాయండి. ఆ మనుషులు చెప్పడానికి ఇష్టపడితే వాళ్ళ మాటల్లోనే రాయండి. కాగితం మీద ఖాళీ అని ఉన్న చోట ఒక మనిషి భయం, ఒక వాడ ఆకలి, ఒక ఊరి పెత్తనం దాగి ఉంటాయి. వాటిని పట్టికలోకి ఎక్కించినప్పుడే మన ఎన్నికల చరిత్ర మొదలవుతుంది.